పసిబిడ్డకు తేనె, పగిలిన మడమలకు మైనం: ఏది పాటించవచ్చు?

ప్రశ్న (కావలి నుంచి)
దోర్నాల వైపు బంధువులు నల్లమల తేనెను పట్టుతో సహా తెచ్చి ఇచ్చారు. ఎనిమిది నెలల మా పాపకు ఆ తేనెను రోజూ నాకించాలని, పిండగా మిగిలిన పట్టు నుంచి మైనం తీసి తన మడమల పగుళ్లకు పూసుకోవాలని మా అవ్వ అంటోంది. మా నాయనకు చక్కెర వ్యాధి ఉంది. తేనె పంచదార కాదు కనుక పరగడుపున వేడినీళ్లలో కలుపుకొని తాగవచ్చని ఆయన వాదన. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (నెల్లూరు నుంచి)
ముందుగా పాప సంగతి. ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్క కూడా పెట్టకండి. తేనెలో బొటులినమ్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉండే అవకాశం ఉంది. పెద్దవారి పేగుల్లో అవి ఎదగలేవు గానీ, పసిబిడ్డ పేగుల్లో మొలకెత్తి విషాన్ని విడుదల చేస్తాయి. తేనెను మరిగించినా ఆ బీజాలు చావవు. ఇప్పటికే నాకించి ఉంటే, బిడ్డకు మలబద్ధకం కలిగినా, పాలు సరిగా చప్పరించలేకపోయినా, ఏడుపు నీరసించినా, మెడ నిలపలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. పెద్దల మాట కాదనడం కష్టమే, కానీ ఇక్కడ మొహమాటం పనికిరాదు. ఏడాది దాటిన పిల్లలకు దగ్గు వచ్చినప్పుడు పడుకునే ముందు అర చెంచా తేనె ఇవ్వడం మాత్రం మంచి పద్ధతే.

మీ నాయనగారి విషయానికి వస్తే, తేనెలో సుమారు 80 శాతం చక్కెరలే. అది రక్తంలో చక్కెరను పెంచుతుంది కనుక వైద్యుణ్ణి అడగకుండా మొదలుపెట్టవద్దని చెప్పండి. పైగా తేనెను వేడి చేయరాదని చరక సంహిత ఏనాడో చెప్పింది. అది విషమవుతుందని నేను అనను గానీ, వేడికి అందులోని ఎంజైములు, సువాసన పోతాయన్నది నిజం.

సమాధానం (దోర్నాల నుంచి)
మైనం విషయంలో మీ అవ్వగారి మాటే సరైనది. పిండిన పట్టును నీళ్లలో వేసి సన్నని సెగ మీద కరిగించి, పలుచని గుడ్డలో వడకట్టి కదపకుండా ఉంచితే, చల్లారాక మైనం పైన పసుపుపచ్చని బిళ్లలా గడ్డకడుతుంది. దాని అడుగున అంటిన నల్లటి మడ్డిని కత్తితో గీకేయాలి. ఒక వంతు మైనానికి ఐదారు వంతుల నువ్వుల నూనె చేర్చి, ఆ గిన్నెను వేడినీళ్ల గిన్నెలో నిలిపి కరిగించండి. మైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి నేరుగా మంట మీద పెట్టే పని లేదు. రాత్రి కాళ్లు కడిగి, తుడిచి, తడి పూర్తిగా ఆరకముందే పూసుకోవాలి. మైనం కొత్తగా మందేమీ వేయదు, ఉన్న తడిని చర్మంలో నిలుపుతుంది, అంతే.

చేత్తో పిండిన తేనెలో పిల్లపురుగుల రసం, పుప్పొడి కూడా కలుస్తాయి. అడవి తేనెలో నీటి పాలు ఎక్కువైతే నురగ వచ్చి పులుస్తుంది, కనుక త్వరగా వాడుకోండి. పేరుకున్నంత మాత్రాన కల్తీ అనుకోకండి.

మళ్లీ ప్రశ్నించినవారు
ధన్యవాదాలు. పాపకు ఇంకా నాకించలేదు. అవ్వ చేసిన లేపనాన్ని నాయన కూడా మడమలకు పూసుకోవచ్చా?

సమాధానం (నెల్లూరు నుంచి)
పగుళ్లు పైపైనే ఉంటే పూసుకోవచ్చు. నెత్తురు, చీము కనిపించినా, పాదంలో స్పర్శ తగ్గినా ఏ లేపనమూ పూయకుండా వైద్యునికి చూపించండి.