ఒకవైపు ప్రేమ సినిమా చూసి నిద్ర పట్టలేదు, మీకూ ఇలా అయిందా? (కథ మొత్తం చెప్పేసుకుంటున్నాం, చూడనివాళ్లు జాగ్రత్త)

పాతరీలు:
నిన్న రాత్రి మాక్స్ ఓఫల్స్ తీసిన 'లెటర్ ఫ్రమ్ యాన్ అన్‌నోన్ ఉమన్' (1948) చూశాను. గంటన్నర కూడా లేదు, బ్లాక్ అండ్ వైట్. 1900 ప్రాంతపు వియన్నా. తమ బిల్డింగులోకి కొత్తగా దిగిన పియానో కళాకారుడి మీద లీసా అనే అమ్మాయి మనసు పడి, చచ్చేదాకా అతన్నే తలుచుకుంటుంది, చివరికి అదంతా అతనికి ఉత్తరంగా రాస్తుంది. అతనికేమో ఆవిడెవరో కూడా గుర్తుండదు. అయిపోయాక చాలాసేపు గోడ చూస్తూ కూర్చున్నా. మీకెక్కడ తగిలింది?

మెట్లకింద:
నాకు మెట్ల దగ్గర. లీసా రాత్రివేళ అతని కోసం కాచుకుని ఉంటుంది. అతను ఇంకో ఆవిడతో నవ్వుకుంటూ ఎక్కి వస్తాడు, ఈ పిల్ల పైనుంచి చూస్తుంది. ఏళ్ల తర్వాత అవే మెట్లు, కెమెరా కూడా అక్కడే. ఈసారి అతనితో వస్తున్నది లీసాయే. పైన చూసేవాళ్లెవరూ లేరు, మనం తప్ప. మొదటిసారి నేనిది పట్టుకోలేదు. రెండోసారి చూసినప్పుడు కడుపులో దేవినట్టయింది.

ఉప్పూకారం:
తిట్టకండి గానీ నాకు జాలి కన్నా కోపమొచ్చింది. ఆ మనిషితో గడిపింది ఒక్క సాయంత్రం, ఒక్క రాత్రి. మిగతాదంతా తనే అల్లుకుంది. తర్వాత పెళ్లాడినాయన పరువుగల మనిషి, ఆ రాత్రికి పుట్టిన పిల్లాణ్ణీ ఆవిడతోపాటు చేరదీశాడు. అతన్ని వదిలేసి మళ్లీ ఆ గుమ్మమే ఎక్కింది. దీన్ని ప్రేమంటే ఎలాగండీ?

మెట్లకింద:
అల్లుకుందన్న సంగతి సినిమాకీ తెలుసు. ప్రాటర్ పార్కులో ఉత్తుత్తి రైలు సీను గుర్తుందా? పెట్టె కదలదు. కిటికీ బయట రంగులేసిన వెనిస్, స్విట్జర్లాండ్ జరుగుతుంటాయి. వాటిని కదిలించేది సైకిల్ తొక్కినట్టు తొక్కే ఒక ముసలాయన. దేశాలన్నీ అయిపోతే, మళ్లీ మొదట్నుంచి తిప్పమంటాడు ఇతను. లీసా మొహంలో మాత్రం నిజంగా ఊళ్లు తిరిగొచ్చిన వెలుగు. ఆవిడ జీవితం మొత్తం ఆ పెట్టెలోనే ఉంది.

ఉప్పూకారం:
సరే, ఆ సీనుకి నేనూ పడిపోయా. ఒప్పుకుంటున్నా.

అవతలిగట్టు:
నేను రెండోవైపు మనిషిని. చదువైన చాలా ఏళ్లకి పాత క్లాసువాళ్లం కలిశాం. ఒకామె నేను కూర్చునే వరస, వేసుకునే నీలం స్వెటర్, ఓ రోజు పెన్ను అడిగిన సంగతి కూడా చెప్పింది. నాకు ఆవిడ ఇంటిపేరు కూడా తట్టలేదు. "అవునవును" అని నవ్వేశా. ఆవిడకి అర్థమైపోయింది, మాట మార్చేసింది. అందరూ లీసా కోసం ఏడుస్తారు. నేను ఉత్తరం చదువుతున్న అతని మొహమే చూస్తూ ఉండిపోయా.

పాతరీలు:
ఇది చదివి ఏం రాయాలో తోచలేదండి.

పుస్తకాలపురుగు:
మూలకథ 1922లో స్టెఫాన్ జ్వైగ్ రాసింది. అందులో అతను రచయిత. ఇంకా కర్కశం: చివరిసారి కలిసినప్పుడు కూడా గుర్తుపట్టకపోగా, ఆవిడ చలికి రెండు చేతులూ దూర్చుకునే తొడుగులో (మఫ్) నోట్లు దోపుతాడు. ఏటా అతని పుట్టినరోజుకి పేరు లేకుండా తెల్ల గులాబీలు పంపేది ఆవిడే. ఉత్తరం చదివే రోజున ఆ పూలకుండీ ఖాళీ. సినిమాలో అతనికి కాస్త జ్ఞాపకం వస్తుంది, పారిపోదామనుకున్న ద్వంద్వయుద్ధానికి వెళ్తాడు. నాకు పుస్తకమే నచ్చింది. గుర్తొచ్చిందంటే అతనికి ఎంతో కొంత తేలికే కదా.

గోధూళి:
ఈ బాపతువి ఇంకేమైనా చెప్పండి, కాస్త తక్కువ ఏడిపించేవి.

పుస్తకాలపురుగు:
'ది రిమైన్స్ ఆఫ్ ది డే' (1993). ఏడిపించదు, ఉక్కపోయిస్తుంది. పెద్దింట్లో బట్లర్‌గా పనిచేసే ఆయన చేతిలో పుస్తకం ఏమిటో చూడాలని, అదే ఇంటి హౌస్‌కీపర్ ఆయన వేళ్లు ఒక్కొక్కటే విడదీస్తుంది, అంతే. నేను ఊపిరి బిగబట్టా.

అవతలిగట్టు:
నిన్న 'లెటర్' మళ్లీ పెట్టుకుని చివరి పది నిమిషాలు చూశా. ఆ పియానో కళాకారుడి పనివాడు జాన్ గురించి ఇక్కడ ఎవరూ అనలేదు. మాట రాని మనిషి. నీకు ఆమె గుర్తుందా అని అతను అడిగితే తలూపి, కాగితం తీసుకుని పేరు రాసిస్తాడు. లీసా బెర్న్‌డల్. ఇంటిపేరుతో సహా.