టెల్లూరియం బరువెక్కువ కదా, మరి అయోడిన్ కంటే ముందెందుకుంది? (టెన్త్ పాప డౌటు)

సీతమ్మధార_అమ్మ
అందరికీ నమస్తే అండి. మా పాప టెన్త్. రాత్రి ఆవర్తన పట్టిక చదువుతూ ఒక డౌటు తెచ్చి నా నెత్తిన పెట్టింది, నేనేమో బీకామ్, నాకేటి తెలుస్తాది. మెండలీఫ్ 1869లో మూలకాల్ని పరమాణు భారం బట్టి పేర్చాడని పుస్తకంలో ఉంది, సరే. మరి టెల్లూరియం 127.6, అయోడిన్ 126.9, బరువున్నది ముందు, తేలికది వెనకాల ఎలా వచ్చింది అంటోంది. కోబాల్టు, నికెల్ కూడా అంతేనట. ట్యూషన్ సారు "అది మినహాయింపమ్మా, అలాగే రాసీ, మార్కులొచ్చేస్తాయి" అన్నారంట, ఇది ఊరుకోవట్లేదు. పైగా కింద ఆ రెండు వరసలు విడిగా ఎందుకు వేలాడుతున్నాయి అని ఇంకోటి. కాస్త మామూలు మాటల్లో చెప్పండి ప్లీజ్, యూట్యూబ్ లింకులు మాత్రం వద్దు.

రిటైర్డ్_కెమిస్ట్రీ_మేస్టారు
అమ్మా, పాపని ఏమీ అనకండి, అడగాల్సిందే అడిగింది.

ఈ తేడా మెండలీఫ్‌కి తెలుసు. తెలిసే తారుమారు చేశాడు. ఎందుకంటే అయోడిన్ అచ్చం క్లోరిన్, బ్రోమిన్ లాగే ఉంటుంది, సోడియంతో కలిస్తే అలాంటి లవణమే ఇస్తుంది, టెల్లూరియమేమో సల్ఫర్, సెలీనియం బాపతు. బరువు మాట విని పేరిస్తే రెండూ వాళ్లవి కాని ఇళ్లలోకి పోతాయి. అందుకని గుణాలకే ఓటేసి, టెల్లూరియం బరువు కొలవడంలోనే తప్పు జరిగింది, అసలు 123 నుంచి 126 మధ్యలో ఉండాలి అని చెప్పేశాడు. తర్వాత మళ్లీ కొలిచారు, ఎన్నిసార్లు కొలిచినా తగ్గలేదు. అంటే ఆయన పెట్టిన వరస కరెక్టు, చెప్పిన కారణం తప్పు. ఇది మన పుస్తకాల్లో సరిగ్గా రాయరు, ఆయన్ని దేవుణ్ణి చేసి వదిలేస్తారు.

అలాగని మొండితనం అన్నిసార్లూ బెడిసికొట్టలేదు లెండి. 1875లో ఫ్రాన్స్‌లో బోయిస్‌బోద్రాన్ గాలియం కనిపెట్టి సాంద్రత 4.7 అన్నాడు, అది నేను అల్యూమినియం కింద ఖాళీ వదిలిన మూలకమే, 5.9 రావాలి, శుద్ధి చేసి మళ్లీ చూడు అన్నాడు మెండలీఫ్. లోహాన్ని కంటితో కూడా చూడని మనిషి! మళ్లీ చూస్తే 5.9 దగ్గరే వచ్చింది.

అసలు ముడి విప్పింది 1913లో మోస్లీ అనే కుర్రాడు. ఒక్కో మూలకం నుంచి వచ్చే ఎక్స్‌రేల ఫ్రీక్వెన్సీ కొలిచి దాని వర్గమూలం తీస్తే, ఒక మూలకం నుంచి పక్కదానికి సమానంగా పెరుగుతూ పోయింది. పెరిగేది బరువు కాదు, కేంద్రకంలో ఆవేశం, అంటే ప్రోటాన్ల సంఖ్య. కోబాల్టు 27, నికెల్ 28, టెల్లూరియం 52, అయోడిన్ 53. పాపకి ఇలా చెప్పండి, ఇల్లు వెతికేది డోర్ నంబర్ బట్టి, లోపల ఎంతమంది ఉన్నారో బట్టి కాదు. టెల్లూరియంలో న్యూట్రాన్లు ఎక్కువున్న ఐసోటోపులే (ప్రోటాన్లు అన్నే ఉండి బరువు తేడా ఉన్న రకాలు) ఎక్కువ, 128, 130 రకాలే సగం పైన ఉంటాయి, అయోడిన్‌కి స్థిరమైంది 127 ఒక్కటే, అందుకే సగటు బరువు అటు మొగ్గింది. ఆ మోస్లీ 1915లో గల్లిపోలీ యుద్ధంలో చనిపోయాడు, 27 ఏళ్లకే.

వన్‌టౌన్_కుర్రోడు
మేస్టారు చెప్పిన ఎక్స్‌రే సంగతి లైవ్‌లో చూడాలంటే కురుపాం మార్కెట్‌కి రండి అక్కా 😀 బంగారం షాపుల్లో క్యారెట్ మీటర్ ఉంటాది కదా, గాజు లోపల పెట్టి మూత వేసీగానే కాసేపటికి స్క్రీన్ మీద గోల్డ్ 91.6, మిగతాది సిల్వర్ ఇంత కాపర్ ఇంత అని వచ్చీస్తాది, అది ఇదే. మెషిన్ ఎక్స్‌రే వేస్తే పరమాణువు లోపలి ఎలక్ట్రాన్ ఒకటి ఎగిరిపోద్ది, ఆ ఖాళీలోకి బయటిది పడినప్పుడు మళ్లీ ఎక్స్‌రే వస్తాది, దాని ఎనర్జీ చూసి ఇది 79 నంబరు, ఇది 47, ఇది 29 అని చెప్పీస్తాది. లోపలి ఎలక్ట్రాన్లకి పక్కన ఎవరితో కలిసున్నామో పెద్దగా పట్టదు కాబట్టి నగ కరిగించక్కర్లేదు.

గుంటూరోణ్ణి_వైజాగ్‌లో
మా ఊరి పేరు లేకుండా ఈ టాపిక్ ఎలా అవుద్ది? 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త గుంటూరు వచ్చి స్పెక్ట్రోస్కోప్ (కాంతిని రంగులుగా విడదీసి చూపే పరికరం) పెట్టి చూశాడు. హీలియం కథ మొదలయ్యేది ఆ గ్రహణంతోనే. సూర్యుడి కాంతిలో ఒక పసుపు గీత, ముందు సోడియంది అనుకున్నారు, కాదు ఇది కొత్త మూలకం అని ఇంగ్లాండులో లాకియర్ అన్నాడు. ఏడు నెలలు తిరక్కుండా మెండలీఫ్ పట్టిక వచ్చింది, అందులో దీనికి చోటే లేదు! భూమ్మీద దాన్ని రామ్సే పట్టుకుంది 1895లో. దానికి ముందే ఆర్గాన్ దొరికితే మెండలీఫ్ మొదట నమ్మలేదు, మూడు నైట్రోజన్లు అంటుకున్నాయేమో అన్నాడు. చివరికి ఆ జడవాయువులకి కొత్త నిలువు వరసే కట్టాల్సి వచ్చింది. ఆర్గాన్, పొటాషియం బరువులు చూడండి, 39.95, 39.10, మీ పాప డౌటు అక్కడ కూడా ఉంది.

భీమిలి_రోడ్డు
రెండో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి. కింద వేలాడేవి నిజానికి లోపలివే, పేజీ వెడల్పు చాలక బయట పెట్టారు. ఆరో పీరియడ్‌లో మొత్తం 32 మూలకాలు, సీసియం నుంచి రేడాన్ దాకా, అన్నీ ఒకే అడ్డ వరసలో వేస్తే చార్టు గోడంతా వస్తుంది. కింద మొదటి వరసలో (వాటినే లాంథనైడ్లు అంటారు) ఒక్కోటిగా 14 ఎలక్ట్రాన్లు నిండేది బాగా లోపలున్న 4ఎఫ్ అనే ఉపస్థాయిలో, బయటి ముఖం దాదాపు మారదు, అందుకే లాంథనైడ్లన్నీ ఒకేలా ప్రవర్తిస్తాయి, విడదీయాలంటే ప్రాణం పోతుంది. రెండో వరస అలా కిందకి రావడం ఇంకా కొత్త, 1944–45 దాకా థోరియం హాఫ్నియం కింద, యురేనియం టంగ్‌స్టన్ కింద ఉండేవి, అమెరికా రసాయన శాస్త్రవేత్త సీబోర్గ్ వాటిని లాగి ఆక్టినైడ్లు అని వేరే వరస చేశాడు.

మన భీమిలి వైపు బీచ్‌లో నల్ల ఇసక చూసుంటారు, అందులో ఎక్కువ ఇల్మనైటు, కొద్దిగా మోనజైటు అనే ఖనిజాలు. ఆ మోనజైటు రేణువొకటి తీస్తే అందులో సీరియం, లాంథనం, నియోడిమియం ఉంటాయి, వాటితోపాటు థోరియం కూడా, అంటే కింది రెండు వరసలవీ ఒక్క గింజలోనే. పైన పట్టికలో యిట్రియం కింద ఉన్న గడిలో లాంథనం ఉండాలా లుటీషియం ఉండాలా అని మాత్రం ఇప్పటికీ కొట్టుకుంటున్నారు, పాప పరీక్షకి అది వద్దు, పుస్తకంలో ఉన్నట్టే రాయమనండి.

సీతమ్మధార_అమ్మ
చాలా థాంక్స్ అండి, డోర్ నంబర్ మాటకి టక్కున పట్టేసింది. ఇప్పుడు ఇంకోటి అడుగుతోంది, క్యారెట్ మీటర్‌లో రోల్డ్ గోల్డ్ పెడితే ఏం చూపిస్తుందంట?

వన్‌టౌన్_కుర్రోడు
అక్కా 😂 పాప వ్యాపారంలోకి వచ్చేలా ఉంది. అది చూసేది పైపొర మాత్రమే, లోపలికి ఎక్కువ పోదు. పూత మందంగా ఉంటే బంగారమే అనీగలదు. అందుకే అనుమానం వస్తే ఓ మూల కొంచెం గీసి, ఆ గీసిన చోటే మళ్లీ పెడతారు.