లైసెన్సు వచ్చింది, ఏ రివాల్వర్ తీసుకోమంటారు?

ప్రశ్న: చిత్తూరులో మాకు బెల్లం మండీ ఉంది. వసూళ్లకు పలమనేరు దాకా, అప్పుడప్పుడు వేలూరు దాకా డబ్బుతో తిరగాలి. ఆత్మరక్షణకని అడిగిన లైసెన్సు మొన్ననే చేతికొచ్చింది. దగ్గర పెట్టుకోవడానికీ, షూటింగ్ రేంజ్‌లో ప్రాక్టీసుకూ ఒకటే సరిపోతుందా? కొందరు నిర్భీక్ అంటున్నారు, కొందరు అశని అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండన్నా.

జవాబు: తమ్ముడూ, ముందు లైసెన్సులో ఏరియా ఏమని రాశారో చూసుకో. ఆంధ్రప్రదేశ్ వరకే అని ఉంటే వేలూరుకు తీసుకెళ్లకూడదు. మన చిత్తూరు వాళ్లకు రెండు రాష్ట్రాల సరిహద్దులు పక్కనే కాబట్టి ఇది చాలా ముఖ్యం.

నిర్భీక్, అశని రెండూ పాయింట్ 32 (గొట్టం రంధ్రం కొలత, అంగుళాల్లో) అనే అంటారు గానీ వాటి తూటాలు వేరు. నిర్భీక్ రివాల్వర్, అశని మ్యాగజైన్ (తూటాల పెట్టె) పెట్టే పిస్టల్. ఒకదాని తూటా ఇంకోదానిలో వేయకూడదు. కొనేటప్పుడు తూటా పూర్తి పేరు చెప్పి అడుగు.

కొత్తవాళ్లకు నేను రివాల్వరే చెబుతాను. తెరిస్తే ఆరు గదులూ కంటికి కనిపిస్తాయి, లోపల తూటా ఉందా లేదా అన్న అనుమానం ఉండదు. తూటా పేలకపోతే ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే తర్వాతి గది వస్తుంది. 2014లో కాన్పూర్ ఫ్యాక్టరీ తెచ్చిన నిర్భీక్ సుమారు అర కిలో, నడుముకు బరువనిపించదు. కానీ తేలికైన తుపాకీ చేతిలో ఎక్కువగా ఎగురుతుంది. రేంజ్‌లో ఎక్కువసేపు కాల్చాలంటే బరువైన పాత మోడల్ రివాల్వరే సుఖం. షాపులో రెండూ పట్టుకుని చూడు. వెనకుండే హ్యామర్ (తూటాను పేల్చే సుత్తి) లేపకుండా ట్రిగ్గర్ పూర్తిగా నొక్కినప్పుడు గురి కదలకపోతే అదే నీది.

ప్రాక్టీసుకు మాత్రం దీన్నే నమ్ముకోవద్దు. తూటాలు లైసెన్సులో రాసినన్నే దొరుకుతాయి. పాయింట్ 177 ఎయిర్ పిస్టల్ గుండు శక్తి 20 జౌల్స్ లోపు ఉంటే లైసెన్సు అక్కర్లేదు. 10 మీటర్ల దూరం నుంచి దానితో రోజూ సాధన చేస్తే ట్రిగ్గర్ మీద వేలు కుదురుతుంది, ఆ అలవాటు రివాల్వర్‌కూ పనికొస్తుంది. మామిడితోటలో డబ్బా కట్టి రివాల్వర్ కాల్చడం మాత్రం వద్దే వద్దు. తప్పిన తూటా ఎవరి పొలంలో పడుతుందో ఎవరికి తెలుసు?

అడిగినవారు: థాంక్సన్నా. తెలిసినాయన ఒకరు పాతది అమ్ముతానంటున్నారు. ఏం చూడాలి?

జవాబు: చేతిలోకి రాగానే తెరిచి ఖాళీగా ఉందని నీ కళ్లతో చూడు. హ్యామర్ లేపి, తూటాల గదులుండే చక్రాన్ని వేళ్లతో కదిపి చూడు. వదులుగా ఊగితే తీసుకోవద్దు. గొట్టంలోకి వెలుతురు పెట్టి తుప్పు, గుంటలు ఉన్నాయేమో చూడు. పైన తెరుచుకునే మోడలైతే కొండీ బిగువుగా ఉండాలి. ఇవన్నీ బాగున్నా వెంటనే చేతులు మార్చుకోకూడదు. ఆయన జిల్లా మెజిస్ట్రేటుకో దగ్గరి పోలీస్ స్టేషన్‌కో రాతపూర్వకంగా తెలియజేసి, 45 రోజులు గడిచాకే అమ్మాలి.

మరో సభ్యురాలు: ఒక మాట కలుపుతాను. కాల్చేటప్పుడు వేళ్లు చక్రం ముందుకు రాకూడదు. చక్రానికీ గొట్టానికీ మధ్య సందులోంచి వేడి గ్యాస్ పక్కకు చిమ్ముతుంది, కాలుతుంది. రేంజ్‌లో కొత్తవాళ్లకు నేను ముందు నేర్పేది ఇదే. బయటికి వెళ్లేటప్పుడు హోల్‌స్టర్‌లో, కనపడకుండా ఉంచండి. తిరుమలకు వెళ్లే రోజు ఇంట్లోనే లాకర్లో పెట్టండి, అలిపిరి దాటనివ్వరు. పెళ్లిలో సరదాకని గాల్లోకి కాలిస్తే 2019 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా.