డెమీమోండ్ అంటే వేశ్యాలోకమేనా?

ప్రశ్న: ఒక వ్యాసం తెలుగు చేస్తుంటే ‘డెమీమోండ్’ అన్న మాట తగిలింది. వేశ్యాలోకం అని రాయమన్నారొకరు. కానీ అందులో ఉన్నది జూదగాళ్లు, డబ్బుల్లేని చిత్రకారులు. ఏం రాయమంటారు?

జవాబు: ఫ్రెంచిలో ‘దెమీ’ అంటే సగం, ‘మోంద్’ అంటే లోకం. “లోకం ఏమనుకుంటుంది” అంటామే, ఆ లోకమండీ. పరువుగల పెద్దమనుషులది.

ఈ మాటను ఊరందరి నోటా పెట్టింది ఫ్రెంచి నాటకకర్త అలెగ్జాండర్ డ్యూమా. తండ్రి పేరూ అదే కాబట్టి ఈయన్ని చిన్న డ్యూమా అంటారు. 1855లో పారిస్‌లో ఆడిన ఆయన నాటకం పేరే అది. అందులో ఆయన చెప్పింది వేశ్యల గురించి కాదు. మంచి ఇళ్లలో పుట్టి, పెళ్లాడి, ఏదో అపవాదుతో మొగుడికి దూరమైన ఆడవాళ్ల గురించి. ఫ్రాన్సులో 1816లో విడాకులు రద్దు చేశారు, మళ్లీ 1884 దాకా ఇవ్వలేదు. వేరుగా ఉండొచ్చు, మారుమనువు మాత్రం కుదరదు. పెద్దిళ్ల నుంచి పిలుపులు ఆగిపోయేవి. దాంతో వాళ్లలో వాళ్లే విందులు, పరిచయాలు నడుపుకునేవాళ్లు.

నాటకంలో ఒలివియే అనే పాత్ర దీన్ని పీచ్ పండ్లతో చెబుతాడు. ఒక బుట్టలో పండు ఖరీదు ఎక్కువ. పక్క బుట్టలో చూడ్డానికి అలాంటివే, పదిహేను సూలే (సూ అంటే అప్పటి ఫ్రెంచి చిల్లర నాణెం). ఎందుకంటే అడుగున చిన్న మచ్చ. మచ్చ కనబడకుండా వాటిని దగ్గర దగ్గరగా పేర్చుతారు. పోలిక బావుంది గానీ, చెప్పేవాడు ఆ మచ్చపడ్డ బుట్టలోని ఒకావిడ, సుజాన్‌తో అంతకుముందు సంబంధం పెట్టుకున్నవాడే! అతని పరువుకు ఏ మచ్చా రాలేదు.

కులస్త్రీల నుంచి వీళ్లను వేరుచేసేది రచ్చకెక్కిన అపవాదు, వేశ్యల నుంచి వేరుచేసేది డబ్బు అని డ్యూమా ముందుమాటలో గీత గీశాడు. జనం వింటేగా. శతాబ్దం చివరికి లియాన్ ద పూజీ, ఒతేరో లాంటి ఖరీదైన విలాసినులకే ‘దెమీమోందేన్’ అన్న పేరు స్థిరపడింది. ఇంగ్లీషులోకి వెళ్లాక ఇంకా సాగి, మర్యాదస్తులు దగ్గరికి రానివ్వని ఏ గుంపుకైనా వాడుతున్నారు. మీ జూదగాళ్లు ఆ కోవలోకే వస్తారు.

ఇంకొకరు: మరి భోగంవాళ్లు, కళావంతులు అంటే సరిపోదా మాస్టారూ?

జవాబు: సరిపోదండీ. అది పుట్టుకతో, వృత్తితో వచ్చిన గుర్తింపు. వాళ్లకు గుడిలో, పెళ్లి మేజువాణీలో ఒక చోటు ఉండేది. డ్యూమా చెప్పినవాళ్లు ఉన్న చోటు నుంచి జారినవాళ్లు. ‘వెలి’ కొంత దగ్గరే గానీ, వెలి వేయాలంటే పెద్దలు కూర్చుని తీర్పు చెప్పాలి. పారిస్‌లో ఎవరూ ఏమీ చెప్పరు, ఆహ్వానం రాదంతే.

మొదట అడిగినవారికి: మీ సందర్భానికి ‘మర్యాదస్తుల గడప బయటివాళ్లు’ అని రాయండి. డ్యూమా నాటకం గురించైతే మాత్రం డెమీమోండ్ అనే ఉంచి, ఒక వాక్యంలో వివరించడం మేలు.