క్లాట్ 95, ఐపీమ్యాట్ 250, లాసెట్ 42: ఈ కటాఫ్‌లలో దేన్ని పట్టుకోవాలి?

బైరాగిపట్టెడ_నాన్న (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. పాప పదో తరగతి దాకా ఇక్కడే చదివింది, ఇప్పుడు విజయవాడ హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం ఎంఈసీ చదువుతోంది. అయిదేళ్ల లా గానీ, ఐఐఎంలలో అయిదేళ్ల ఐపీఎం (డిగ్రీ, ఎంబీఏ కలిపి చేసే కోర్సు) గానీ చేస్తానంటోంది. రెండూ కుదరకపోతే బీబీఏ. ఒక పాంప్లెట్‌లో క్లాట్ (నేషనల్ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష) కటాఫ్ 95 అని ఉంది. ఇంకోదాంట్లో ఐపీమ్యాట్‌లో (ఐపీఎం ప్రవేశ పరీక్ష) 250 వస్తే సీటు ఖాయమంటున్నారు. లాసెట్‌కి (రాష్ట్ర లా కాలేజీల ప్రవేశ పరీక్ష) 42 చాలట. ఇవి మార్కులా, ర్యాంకా, పర్సంటైలా ఎవరూ తేల్చి చెప్పడం లేదు. మేం బీసీ-డి. ఏ అంకె చూసి పాపకి టార్గెట్ పెట్టాలి? పోయినేడు కటాఫ్ ఈ ఏడు పనికొస్తుందా?

కోర్టువీధి_చిత్తూరు

మీరు రాసిన మూడు అంకెలూ మూడు వేర్వేరు దశలవి. అందుకే ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే తల తిరుగుతుంది.

లాసెట్ 42 అర్హత మార్కు. ఏపీ లాసెట్‌లో 120 ప్రశ్నలు, 120 మార్కులు, 90 నిమిషాలు. అందులో 35 శాతం అంటే 42. ఎస్సీ, ఎస్టీలకు ఈ కనీసం కూడా లేదు. 42 దాటితే ర్యాంకు చేతికొస్తుంది, అంతవరకే. మంచి కాలేజీలో కన్వీనర్ సీటు ఆ ర్యాంకు ఎంత పైన ఉందన్న దాన్ని బట్టి. ‘42 చాలు’ అని ఇంట్లో అనేశారంటే పాప చదవడం మానేస్తుంది, జాగ్రత్త.

క్లాట్‌కి అసలు అర్హత మార్కే లేదు. ఎన్ని వచ్చినా ర్యాంకు ఇస్తారు. ‘95’ అనేది ఎవరో ఒక ఏడాది ముగింపు ర్యాంకు తీసుకుని, ఆ ర్యాంకు వచ్చిన పిల్లల మార్కులు చూసి వెనక్కి లెక్కగట్టిన అంకె. ఏ యూనివర్సిటీకి, ఏ కేటగిరీకి, ఎన్నో రౌండ్‌లో అనేది చెప్పకుండా ఆ 95కి అర్థం లేదు.

మార్కులు ఏడాదికీ ఏడాదికీ ఎందుకు పోల్చకూడదో చెప్తా. పేపర్ కష్టంగా వస్తే అందరి మార్కులూ ఒకేసారి కిందికి జారతాయి, ర్యాంకులు మాత్రం ఒకటి నుంచే మొదలవుతాయి. పైగా క్లాట్ యూజీ పేపరే మారింది: 150 ప్రశ్నలుండేది, 2024 క్లాట్ నుంచి 120 అయింది. 2024 డిసెంబర్ 1న జరిగిన పరీక్షలో ఆన్సర్ కీ మీద గొడవై, ఢిల్లీ హైకోర్టు, సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2025 మేలో గానీ తేలలేదు. కొన్ని ప్రశ్నలు తీసేశారు కూడా. అలాంటి ఏడాది మార్కుని ఇంకో ఏడాది టార్గెట్‌గా పెట్టుకుంటే లెక్క తప్పుతుంది. ర్యాంకు మాత్రం పోలికకి నిలబడుతుంది, సీట్ల సంఖ్య పెద్దగా మారనంతవరకు.

కాబట్టి పాంప్లెట్లు పక్కన పడేసి, నేషనల్ లా యూనివర్సిటీల కన్సార్టియం వెబ్‌సైట్‌లో రౌండ్లవారీగా పెట్టే అలాట్‌మెంట్ జాబితాలు తెరవండి. గత రెండేళ్లవి చాలు. మీకు కావలసిన యూనివర్సిటీ పేరు దగ్గర, మీ కేటగిరీలో చివరి పిల్లకి ఎంత ఆలిండియా ర్యాంకు ఉందో రాసుకోండి. మొదటి రౌండ్‌కి ఒకటి, చివరి రౌండ్‌కి ఒకటి. ఈ రెండింటి మధ్యే మీ పాప నిజమైన కటాఫ్ ఉంటుంది. మొదటి రౌండ్ అంకె లోపల ఉంటే ధైర్యంగా ఉండొచ్చు. చివరి రౌండ్ అంకెకి దగ్గరగా ఉంటే వేరే దారి కూడా చేతిలో ఉంచుకోవాలి.

ఒక యూనివర్సిటీకి ఒక కటాఫ్ అనేదే ఉండదు. జనరల్, మహిళ, ఆ రాష్ట్ర స్థానికులు, బీసీ, ఎస్సీ, ఎస్టీ ఇట్ల ఒక్కో వరుసకి ఒక్కో ర్యాంకు. హైదరాబాద్ నల్సార్‌లో స్థానిక కోటా తెలంగాణ వాళ్లకి. తిరుపతి పిల్లలు అక్కడ ఆలిండియా వరుసలోనే పోటీ పడాలి. విశాఖ దామోదరం సంజీవయ్య యూనివర్సిటీలో అయితే ఆంధ్రా స్థానిక వరుస మనది. ఒకే పిల్లకి రెండు చోట్లా చూడాల్సిన వరుస వేరు.

ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ క్లాట్ తీసుకోదు. దానికి ఐలెట్ అని వేరే పరీక్ష ఉంది: 150 ప్రశ్నలు, 150 మార్కులు.

లెక్కల_అయ్యవారు

ఐపీమ్యాట్ సంగతి నేను చెప్తా, ఎక్కువ మంది దెబ్బతినేది దీంట్లోనే.

ముందు ‘250’ దేంట్లో అనడగండి. ఐఐఎం ఇండోర్ ఐపీమ్యాట్ 2025లో 90 ప్రశ్నలు, 360 మార్కులు. ఐఐఎం రోహ్‌తక్ కూడా ఐపీమ్యాట్ పేరుతోనే తన పరీక్ష తాను పెట్టుకుంటుంది, అందులో 120 ప్రశ్నలు, 480 మార్కులు. జిప్‌మ్యాట్ (బోధ్‌గయ, జమ్మూ ఐఐఎంలకి) 400 మార్కులకి. 360కి 250 అంటే దాదాపు 70 శాతం, 480కి అయితే 52 శాతం. పేరు ఒకటే కదా అని ఒక దాని కటాఫ్ ఇంకో దానికి తగిలించి రాసే పోస్టులు నెట్‌లో కోకొల్లలు.

ఇండోర్‌లో మొత్తం మార్కులు ఒక్కటే చూడరు. మూడు విభాగాలు: లెక్కల్లో ఆప్షన్లతో 30 ప్రశ్నలు, ఆప్షన్లు లేకుండా జవాబు టైపు చేసేవి 15, ఇంగ్లిష్ 45. ఒక్కోదానికి 40 నిమిషాలు, ఒక విభాగం సమయం ఇంకోదానికి వాడుకోలేం. ప్రతి విభాగానికీ విడిగా కనీస మార్కు ఉంటుంది. మూడూ దాటిన వాళ్లనే మొత్తం మార్కుల వరుసలో ఇంటర్వ్యూకి పిలుస్తారు. ఇంగ్లిష్‌లో 180కి 150 తెచ్చుకుని, టైపు చేసే లెక్కల్లో రెండే కరెక్ట్ అయితే 8 మార్కులు. ఆ విభాగం కనీసం అంతకన్నా పైనుంటే మొత్తం ఎంతున్నా పిలుపు రాదు. మన ఇంటర్ పిల్లలకి లెక్కలు రావని కాదు, ఆప్షన్లు చూసి వెనక్కి వెళ్లి జవాబు పట్టుకోవడం అలవాటైపోయి ఆప్షన్ లేనిచోట చతికిలపడతారు. వారానికి రెండుసార్లయినా 15 ప్రశ్నలు, 40 నిమిషాలు గడియారం పెట్టి చేయించండి. ఆ విభాగంలో తప్పుకి మైనస్ లేదు, కాబట్టి ఖాళీ వదిలే మాటే లేదు.

వెబ్‌సైట్లలో ‘ఐపీమ్యాట్ ఇండోర్ కటాఫ్’ అని కనబడేది ఎక్కువగా ఈ ఇంటర్వ్యూ పిలుపు కటాఫే. సీటు దానికి పైన: పరీక్షకి 65 శాతం, ఇంటర్వ్యూకి 35 శాతం వెయిటేజీతో చివరి జాబితా వేస్తారు. రోహ్‌తక్‌లో పదో తరగతి, ఇంటర్ మార్కులకి కూడా వెయిటేజీ ఉంటుంది, అక్కడికి వేస్తే ఆ నోటిఫికేషన్లో ఏ దానికి ఎంతో చూసుకోండి. ఇండోర్ స్కోరుని వేరే సంస్థలూ తీసుకుంటాయి, వాటి కటాఫ్‌లు వాటివే.

మీ పాపకి రెండు దారులూ ఇష్టమంటున్నారు కాబట్టి ఇంకో మాట. ఐఐఎం రోహ్‌తక్‌లో అయిదేళ్ల లా కోర్సు కూడా ఉంది, దానికి క్లాట్ స్కోరు చూస్తారు.

బైరాగిపట్టెడ_నాన్న

చాలా థాంక్స్ అండీ, కాగితం మీద రాసుకుంటున్నా. రెండు డౌట్లు. మైనస్ మార్కుల భయంతో పాప మాక్ టెస్టుల్లో ముప్పై దాకా వదిలేస్తోంది. కరెక్టేనా? ఇంటర్ విజయవాడలో చదివితే లాసెట్‌లో తను మన ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతం) లోకల్ కిందికి వస్తుందా, ఏయూ (ఆంధ్ర యూనివర్సిటీ ప్రాంతం) కిందికి పోతుందా?

లెక్కల_అయ్యవారు

మొదటిది నేను చెప్పేస్తా. క్లాట్‌లో కరెక్ట్‌కి 1, తప్పుకి పావు మార్కు పోతుంది. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని పెడితే సగటున ప్రశ్నకి 0.25 వస్తుంది, 0.1875 పోతుంది. అంటే దాదాపు సున్నా, కొంచెం లాభం వైపే. ఒక ఆప్షన్ తప్పని ఖాయంగా తెలిసి మిగతా మూడింట్లో పెడితే సగటు 0.17 దాకా, రెండు కొట్టేస్తే 0.375. ఐపీమ్యాట్‌లో +4, −1 కాబట్టి ఒక్క ఆప్షన్ కొట్టేసినా లాభం బాగానే ఉంటుంది. లాసెట్‌లో మైనసే లేదు.

అయితే అన్నీ గుడ్డిగా గుద్దేయమని చెప్పడం లేదు. ముప్పై వదలడంలో అసలు రోగం భయమా, టైమ్ చాలకపోవడమా తేల్చండి. క్లాట్‌లో అంతా పేరాలు చదివి జవాబు పెట్టాలి, 120 నిమిషాల్లో 120 ప్రశ్నలు. వదిలినవన్నీ చివరి రెండు పేరాలవే అయితే అది చదివే వేగం సమస్య, దానికి మైనస్ లెక్కలు మందు కావు. అక్కడక్కడా చెదురుగా వదిలి ఉంటే భయం. మాక్ షీట్‌లో ప్రశ్న నంబర్లు చూస్తే అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

మీసేవ_క్యూలో_మనిషి

రెండోది నాది. లోకల్ అనేది ఇంటి అడ్రసుని బట్టి కాదు, చదివిన చోటుని బట్టి మొదలవుతుంది. ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు (9, 10, ఇంటర్ రెండేళ్లు) ఒకే ప్రాంతంలో చదివి ఉంటే ఆ ప్రాంతం లోకల్. మీ పాప 9, 10 తిరుపతిలో, ఇంటర్ విజయవాడలో, అంటే ఏయూ ప్రాంతంలో. నాలుగేళ్లు ఒకచోట పడలేదు. అప్పుడు వెనక్కి ఏడేళ్లు చూస్తారు: ఆరు నుంచి ఇంటర్ దాకా. అందులో అయిదేళ్లు తిరుపతి, రెండేళ్లు విజయవాడ, కాబట్టి ఎస్వీయూ లోకల్. కన్వీనర్ సీట్లలో 85 శాతం లోకల్‌కి, మిగతా 15 శాతం అన్‌రిజర్వ్‌డ్. ఆరు నుంచి పది దాకా ప్రతి ఏడాదికీ స్టడీ సర్టిఫికెట్ ఉండాలి. స్కూలు మారి ఉంటే ఆ పాత స్కూలుదీ కావాలి. కౌన్సెలింగ్ వారంలో పోతే సంతకం పెట్టే హెడ్ మాస్టర్ ఊళ్లో ఉండకపోవచ్చు. ఇప్పుడే తెచ్చి పెట్టుకోండి సామీ.

ఇక మీ బీసీ-డి. రాష్ట్రంలో దానికి 7 శాతం, లాసెట్‌కి రాష్ట్ర కుల ధ్రువీకరణ పత్రం సరిపోతుంది. ఐఐఎంలు కేంద్ర సంస్థలు, అక్కడ ఏ, బీ, సీ, డీ అనేవి లేవు, ఓబీసీ నాన్ క్రీమీలేయర్ ఒక్కటే, 27 శాతం. మీ కులం పేరు కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో ముందు చూడండి. రాష్ట్ర జాబితాలో ఉన్నవన్నీ అందులో లేవు. ఉంటే కేంద్ర నమూనాలోనే సర్టిఫికెట్ తీయించాలి, ఆ నోటిఫికేషన్ అడిగిన ఆర్థిక సంవత్సరంలో జారీ అయినది. పాతది పెడితే వెరిఫికేషన్‌లో జనరల్‌కి నెట్టేస్తారు, అప్పుడు మీరు చూసుకున్న కటాఫ్ వరుసే మారిపోతుంది. క్లాట్ దరఖాస్తులో కూడా కేటగిరీ, రాష్ట్రం టిక్ పెట్టేటప్పుడు ఇదే జాగ్రత్త. గడువు దాటాక మార్చడం కుదరదు.

మార్కుల శాతం మర్చిపోవద్దు. అయిదేళ్ల లాకి ఇంటర్‌లో జనరల్‌కి 45, బీసీలకి 42, ఎస్సీ, ఎస్టీలకి 40 శాతం అని బార్ కౌన్సిల్ నియమం. మీ పాపకి ఇది సమస్య కాకపోవచ్చు.

కోర్టువీధి_చిత్తూరు

క్లాట్ ఆప్షన్ల దగ్గర కటాఫ్ చూసి చేసే తప్పొకటి ఉంది. ‘ఈ ర్యాంకుకి నల్సార్ రాదులే’ అనుకుని వచ్చేదాన్ని మొదట, ఇష్టమైనదాన్ని కింద పెడతారు. ర్యాంకు వరుసలో పిల్లని పిలిచి, ఆమె రాసిన జాబితాలో పైనుంచి ఖాళీ ఉన్న మొదటి సీటు ఇస్తారు. రానిది పైన పెట్టినందుకు ఏ నష్టమూ లేదు. వచ్చేది పైన పెడితే మాత్రం ఇష్టమైనది అందుబాటులో ఉన్నా అక్కడికి వెళ్లదు. ఇష్టం ఎట్లుంటే అట్లనే రాయండి.

సీటు వచ్చాక ఫ్రీజ్ అంటే ఇది చాలు, ముందుకు పోను అని. ఫ్లోట్ అంటే సీటు ఉంచుకుని పై ఆప్షన్ కోసం చూస్తానని. ఫ్లోట్‌లో పై సీటు వచ్చిందంటే కిందిది పోయినట్టే, వెనక్కి రాలేరు. రెండింటికీ గడువులోపు డబ్బు కట్టాలి. ఆ తేదీకి ఖాతాలో డబ్బు లేక సీట్లు వదులుకునే వాళ్లున్నారు.

తిరుచానూరు_రోడ్

బీబీఏ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రెండు ముక్కలు. ఎస్వీ యూనివర్సిటీ పరిధి డిగ్రీ కాలేజీల్లో బీబీఏకి ఎంట్రన్స్ లేదు, ఓఏఎండీసీలో (రాష్ట్ర ఆన్‌లైన్ డిగ్రీ అడ్మిషన్లు) ఇంటర్ మార్కుల మీదే. ఢిల్లీ యూనివర్సిటీ బీఎంఎస్ (మేనేజ్‌మెంట్ డిగ్రీ), బీబీఏ అయితే సీయూఈటీలో (కేంద్ర యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) ఒక భాష, మ్యాథ్స్, జనరల్ ఆప్టిట్యూడ్ టెస్ట్ మూడూ రాయాలి. 2025 నుంచి ఒక్కో పేపర్‌కి 50 ప్రశ్నలు, 60 నిమిషాలు, 250 మార్కులు, +5, −1. మూడూ కలిపి 750. వేర్వేరు షిఫ్టులు కాబట్టి కీ చూసి వేసుకున్న మార్కు వేరు, నార్మలైజ్ అయ్యాక, అంటే షిఫ్టుల మధ్య తేడా సరిచేశాక వచ్చే స్కోరు వేరు. ఢిల్లీ యూనివర్సిటీ జాబితాల్లో కనబడేది రెండోది. ఇంటర్‌లో చదవని సబ్జెక్టు సీయూఈటీలో రాసినా అక్కడ లెక్కలోకి రాదు. మీ పాపది ఎంఈసీ కాబట్టి మ్యాథ్స్ ఉంది, సీఈసీ పిల్లలకి ఆ తలుపు మూసినట్టే.

తేదీలు చూసి చదువు సర్దుకోండి. క్లాట్ డిసెంబర్‌లోనే అయిపోతుంది, ఇంటర్ పబ్లిక్ పరీక్షలకన్నా ముందు. ఐపీమ్యాట్, సీయూఈటీ, లాసెట్ అన్నీ ఇంటర్ అయ్యాకే, ఎండాకాలంలో.