తలంటుకున్నాక జిడ్డు వదలట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: కంప్యూటర్ పనితో మెడ, భుజాలు పట్టేస్తున్నాయి. ఆదివారం తలంటుకుంటే హాయిగానే ఉంటుంది గానీ, కుంకుడు రసంతో ఎంత రుద్దినా జిడ్డు పోదు. నూనె ఎంత పెట్టాలి? ఎంతసేపు ఉంచాలి?

జవాబు 1: నూనె ఎక్కువవుతున్నట్టుంది. భుజాల దాకా జుట్టుంటే రెండు టేబుల్ స్పూన్ల నువ్వుల నూనె చాలండి. పొయ్యి మీద కాచొద్దు, గిన్నెను వేణ్ణీళ్లలో పెడితే గోరువెచ్చనవుతుంది. పట్టించాల్సింది మాడుకి, అదీ గోళ్లు తగలకుండా వేలి కొసలతో. అసలు సుఖమంతా మెడ వెనక, పుర్రె కింది అంచున ఉంటుంది. అక్కడ బొటనవేళ్లతో చిన్న సున్నాలు చుడుతూ రెండు మూడు నిమిషాలు నొక్కండి. అరగంట ఆగి స్నానం చేయొచ్చు. చుండ్రు ఉన్నవాళ్లు మాత్రం రాత్రంతా ఉంచొద్దు, పెరుగుతుంది.

జవాబు 2: నూనె ఒక్కటే కాదు, కుంకుళ్లూ చూడండి. పది పన్నెండు కాయలు కొట్టి, గింజలు తీసేసి, రెండు గ్లాసుల మరిగిన నీళ్లలో అరగంట నాననిచ్చి పిసకండి. వడకట్టకపోతే పిప్పి జుట్టులో చిక్కుకుని ప్రాణం తీస్తుంది. మొదటి విడత రసం పొడి తల మీదే పోసి రుద్దాలి. ముందే నీళ్లు పోసుకుంటే రసం పల్చబడిపోతుంది. రెండో విడతకి నురగ రాలేదంటే జిడ్డు ఇంకా ఉన్నట్టే.

ప్రశ్న అడిగినవారు: ఒంటికి కూడా నూనె రాసుకోవచ్చా?

జవాబు 3: భేషుగ్గా. సున్నిపిండితో నలుచుకుంటే సరి. అరికాళ్లకి మాత్రం వద్దు, బాత్రూం టైల్స్ మీద జారతారు.