జలాపుట్ జలాశయంలో ఔట్‌బోర్డ్ ఇంజిన్: మెయిన్ జెట్ తగ్గించాలా?

ప్రశ్న (లమ్తాపుట్, కోరాపుట్ జిల్లా):
అందరికీ నమస్కారం. భీమిలిలో కొన్న పాత 15 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ (పడవ వెనుక బిగించే) ఇంజిన్‌కు పిస్టన్, రింగులు, సీళ్లు, కార్బురేటర్ కిట్ మార్పించి, అక్కడే సముద్రంలో నడిపి చూస్తే బాగానే పనిచేసింది. నిండినప్పుడు 2750 అడుగుల మట్టానికి చేరే జలాపుట్ జలాశయానికి తెచ్చి మా పడవకు బిగించాక, సగం థ్రాటిల్ దాటగానే గుడగుడలాడుతూ, నిమిషానికి 5000 చుట్లు తిరగవలసినది 4400 దగ్గరే ఆగిపోతోంది. స్పార్క్ ప్లగ్గు విప్పితే తడిగా, వేలికి మసి అంటేంత నల్లగా ఉంది. రన్నింగ్ ఇన్ (కొత్త భాగాలు సర్దుకునేలా నెమ్మదిగా నడపడం) 10 గంటలు పూర్తయినా, కొత్త పిస్టన్ మీద భయంతో లీటరు పెట్రోలుకు ఇంకా 40 మిల్లీలీటర్ల ఆయిలే కలుపుతున్నాను. మెయిన్ జెట్ (కార్బురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే సన్నని రంధ్రమున్న భాగం) ఒక సైజు తగ్గించమంటారా?

సమాధానం (జయపురం):
వెయ్యి అడుగులకు గాలి సాంద్రత సుమారు 3 శాతం తగ్గుతుంది కనుక మీ దగ్గర 8 శాతం దాకా పలుచనవుతుంది, మిశ్రమంలో పెట్రోలు పాలు పెరుగుతుంది. జెట్ తగ్గిస్తే మసి తగ్గుతుంది గానీ పోయిన శక్తి తిరిగి రాదు. దానికి ప్రొపెల్లర్ పిచ్ (ఒక చుట్టుకు అది ముందుకు వెళ్లే లెక్క దూరం) తగ్గించాలి. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే 150 నుంచి 200 చుట్లు పెరుగుతాయి. జెట్ మారిస్తే మాత్రం పాతదాన్ని చిన్న సీసాలో వేసి ఇంజిన్ కవరు లోపలే కట్టి ఉంచండి. చిన్న జెట్‌తోనే మళ్లీ సముద్రంలో నడిపితే పిస్టన్ కరిగిపోతుంది.

సమాధానం (రాయగడ):
పై మిత్రుడు చెప్పినది నిజమే, కానీ జెట్ జోలికి ఇప్పుడే వెళ్లవద్దని నా మనవి. పెట్రోలు ఒక పాలుకు గాలి 14.7 పాళ్లు కావలసి ఉండగా ఇథనాల్‌కు 9 పాళ్లే చాలు. 20 శాతం ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలుతో అదే జెట్ సుమారు 7 శాతం లీన్ (పెట్రోలు పాలు తక్కువ) అవుతుంది. గాలి పలుచబడితే కార్బురేటర్ పీల్చే పెట్రోలు కూడా కొంత తగ్గుతుంది గనుక, ఈ ఎత్తులో మిశ్రమం రిచ్ (పెట్రోలు పాలు ఎక్కువ) అయ్యేది 4 శాతం మాత్రమే. కాబట్టి ఇంత మసికి ఎత్తు ఒక్కటే కారణం కాదు. సముద్రం దగ్గర కప్పిపుచ్చుకున్న లోపమేదో ఇక్కడ బయటపడింది. ముందు ఆయిల్‌ను మాన్యువల్ ప్రకారం, సాధారణంగా లీటరుకు 20 మిల్లీలీటర్లకు, దించండి. చోక్ పూర్తిగా తెరుచుకుంటోందో లేదో, ఫ్లోట్ (కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు మట్టాన్ని నిలిపే తేలుడు భాగం) ఎత్తు సరిగ్గా ఉందో లేదో చూడండి. ఐడిల్ స్క్రూను (తక్కువ వేగంలో మిశ్రమాన్ని సరిచేసే మరను) ఇంజిన్ వేడెక్కాక, నీటిలో గేరు వేసి ఉంచి, ఒకేసారి ఎనిమిదో వంతు చుట్టుకు మించకుండా తిప్పండి. ఒడ్డున బకెట్‌లో చేసిన ట్యూనింగ్ లోడు పడగానే చెడిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. కార్బురేటర్‌ను తలకిందులు చేసి చూస్తే, గిన్నె అంచుకు సమాంతరంగా ఉండవలసిన ఫ్లోట్ బాడీ వైపు సుమారు 3 మిల్లీమీటర్లు వాలి ఉంది. దాని నాలుకను (ఫ్లోట్‌కున్న చిన్న రేకును) సరిచేసి, ఆయిల్ 20 మిల్లీలీటర్లకు దించాను. ప్లగ్గు ఇప్పుడు పొడిగా, లేత గోధుమ రంగులో ఉంది. గుడగుడ పోయి 4700 చుట్లు వస్తున్నాయి. జెట్ ముట్టుకోలేదు. మిగిలిన 300 చుట్ల కోసం 11 అంగుళాల పిచ్ ప్రొపెల్లర్ స్థానంలో 9 అంగుళాలది వెతుకుతున్నాను.